కుంచె తాకని రంగు

ఏటికొప్పాక లక్క గిన్నె ఒకటి చేతిలోకి తీసుకుని, కిటికీ దగ్గర కాస్త వంచి చూడండి. అంచు కింద ఎర్రటి పట్టీ, దాని కింద పసుపు, ఆ రెండింటి నడుమ సన్నని నల్ల గీత. గీత చుట్టూ తిరిగి మొదలైన చోటే కలిసింది, ఎక్కడా వణకలేదు. కుంచె వెంట్రుకల జాడ కనబడదు. రంగు జారి ముద్దకట్టిన చోటు లేదు. గోటితో గీకితే పెచ్చు లేవదు.

ఈ గిన్నెకు రంగు ఎక్కించిన చోట రంగు డబ్బా గానీ, కుంచె గానీ, పలచన చేసే నూనె గానీ ఉండవు. ఆరబెట్టే పని లేదు. రంగు పడిన నిమిషానికే గిన్నెను చేత్తో పట్టుకోవచ్చు. అక్కడ ఉన్నదల్లా గట్టిగా, పొడిగా, చల్లగా ఉండే ఒక రంగు కడ్డీ. గిరగిరా తిరుగుతున్న కర్రకు దాన్ని ఆనించి నొక్కారు, అంతే. రాతిలా గట్టిగా ఉన్న ముక్క చెక్క మీద పూతలా ఎలా పరుచుకుంది? పరుచుకున్నది మళ్ళీ ఊడిరాకుండా ఎలా నిలిచింది?

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో, ఎలమంచిలికి దగ్గర్లో, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే. వాటి అందం గురించి చాలామంది రాశారు. ఆ అందం వెనుక ఉన్న భౌతికశాస్త్రం గురించి రాసినవాళ్ళు తక్కువ. నా మట్టుకు నాకు అదే ఎక్కువ అబ్బురం. ఈ పనంతా రెండు విషయాలను అదుపులో పెట్టడమే: కర్రలోని నీరు, రాపిడిలోని వేడి.

ముందు నీళ్ళ సంగతి

అప్పుడే కొట్టిన పచ్చి కర్ర బరువులో మూడో వంతు నుంచి సగం దాకా నీళ్ళే ఉండవచ్చు. ఆ నీళ్ళు రెండు చోట్ల ఉంటాయి. కర్రంతా సన్నని గొట్టాల్లాంటి కణాల కూర్పు. గొట్టాల బోలులో నిలిచిన నీరు ఒకటి, గొట్టాల గోడల్లో ఇంకిన నీరు రెండోది. ఎండేటప్పుడు ముందు బోలులోని నీరు పోతుంది. అది పోయినంతసేపూ కర్ర తేలికవుతుంది తప్ప కొలత మారదు. ఆ తర్వాత గోడల్లోని నీరు వదలడం మొదలవుతుంది. అప్పుడు గోడలు సన్నబడతాయి, కర్ర కుంచించుకుపోతుంది.

చిక్కంతా ఆ కుంచించుకోవడం అన్ని వైపులా సమానంగా ఉండకపోవడంలో ఉంది. పూర్తిగా ఎండేసరికి కర్ర పొడవులో తగ్గేది దాదాపు ఏమీ ఉండదు. మొద్దు నడిబొడ్డు నుంచి బెరడు వైపు కొలిస్తే చాలా జాతుల్లో 3 నుంచి 5 శాతం తగ్గుతుంది. వలయాల వెంట కొలిస్తే 6 నుంచి 10 శాతం. చుట్టుకొలత అంతలా తగ్గాలనుకుంటుంటే వ్యాసం అందులో సగమే తగ్గుతోంది. ఆ లాగుడుకు మొద్దు ఎక్కడో ఒకచోట విచ్చుకోక తప్పదు. కట్టెల మోపులో ప్రతి కట్టె చివరా నడిమి నుంచి బయటికి పగులు కనిపించడానికి ఇదే కారణం.

పెద్ద గిన్నెలు చేసేవాళ్ళు ప్రపంచమంతటా దీనికి ఒకే ఉపాయం కనిపెట్టారు. మొద్దును నిలువునా రెండుగా చీల్చి, నడిబొడ్డును తీసేస్తారు. పచ్చిగా ఉండగానే లేతుకు, అంటే కర్రను బిగించి తిప్పే యంత్రానికి, ఎక్కించి గిన్నె ఆకారం దించుతారు గానీ గోడను మందంగా వదిలేస్తారు. వ్యాసంలో పదో వంతు మందం ఉండాలన్నది వాళ్ళ లెక్క. అంటే 20 సెంటీమీటర్ల గిన్నెకు 2 సెంటీమీటర్ల గోడ. దాన్ని నెలల తరబడి నీడలో ఆరనిస్తారు. ఆరేసరికి గుండ్రని గిన్నె కాస్త కోలగా మారుతుంది. పోగులు సాగిన దిక్కున కొలత అలాగే ఉంటుంది, అడ్డంగా ఒక సెంటీమీటరు దాకా తగ్గవచ్చు. గోడ మందంగా వదిలింది అందుకే. మళ్ళీ లేతుకు ఎక్కించి ఆ కోలతనాన్ని చెక్కేస్తే అసలు గుండ్రం వస్తుంది, ఇక పెద్దగా మారదు.

కుంకుమ భరిణెలు, చిన్న గిన్నెల విషయంలో ఇంత తతంగం ఉండదు. చేతి మందం కొమ్మ ముక్కలనే బాగా ఆరబెట్టి, పొడవు దిక్కు లేతు ఇరుసు వెంట ఉండేలా బిగిస్తారు. పగులు వచ్చిన ముక్కను అక్కడికక్కడే పక్కన పడేస్తారు. తొందరపడి తడి ఉన్న కర్ర మీద లక్క ఎక్కిస్తే మాత్రం శిక్ష ఆలస్యంగా పడుతుంది. చల్లారిన లక్క పొర పెళుసు, సాగదు, ముడుచుకోదు. కింద కర్ర కుంచించుకుంటుంటే పైన పొర నెర్రెలిస్తుంది. గిన్నె కొని ఇంటికి తెచ్చుకున్న రెండు మూడు నెలలకు రంగు విచ్చుకుంటే తప్పు రంగుదనుకుంటాం. ఎక్కువసార్లు తప్పు నీళ్ళది.

ఉలి ఏ వైపు నుంచి రావాలి?

ఎండిన కర్రను గట్టిగా కట్టిన చీపురు కట్ట అనుకోండి. పుల్లల పక్కనుంచి కత్తితో ఏటవాలుగా చెక్కుతూ కొసల వైపు వెళ్తే ప్రతి పుల్లా నున్నగా తెగుతుంది, ఎందుకంటే దాని కింద ఇంకా పొడవైన పుల్ల ఒకటి ఆసరాగా ఉంటుంది. అదే కత్తిని కొసల నుంచి మొదలు వైపు తోస్తే ఆసరా లేని పుల్ల వంగి, లేచి, చీలి వస్తుంది. కర్ర పోగులకూ ఇదే న్యాయం. తెగే ప్రతి పోగు కిందా ఆసరాగా మరో పోగు ఉండాలి.

ఈ ఒక్క నియమం నుంచే ఉలి నడిచే దారులన్నీ వస్తాయి. పోగులు ఇరుసు వెంట సాగిన చిన్న భరిణెకు బయటివైపు చెక్కాలంటే లావు నుంచి సన్నం వైపు ఉలి నడవాలి, లోపల తొలచాలంటే నడిమి నుంచి అంచు వైపు. పోగులు అడ్డంగా ఉన్న పెద్ద గిన్నెకు లెక్క తారుమారు. బయట అడుగు నుంచి అంచుకు, లోపల అంచు నుంచి నడిమికి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇది బట్టీ పట్టాల్సిన సూత్రంలా అనిపిస్తుంది. పోగుల ఆసరా సంగతి తెలిస్తే బట్టీతో పని లేదు.

అడ్డపోగుల గిన్నెలో ఇంకో కష్టం ఉంది. ఒక్క చుట్టులో ఉలి రెండుసార్లు పోగుల పక్కల మీదుగా, రెండుసార్లు వాటి కొసల మీదుగా వెళ్తుంది. నిమిషానికి 600 చుట్లు తిరిగితే సెకనుకు 20 సార్లు కొసలు ఎదురవుతాయి. ఉలి మొండిగా ఉంటే సరిగ్గా ఆ రెండు చోట్లా, ఎదురెదురుగా, గరుకు మచ్చలు మిగులుతాయి. లక్క వేస్తే అవి కప్పుపడతాయనుకుంటే పొరపాటు. చీలిన పోగుల మధ్యకు లక్క ఎక్కువగా దిగి అక్కడ రంగు ముదురుతుంది. అప్పటిదాకా వేలికి మాత్రమే తెలిసిన గరుకు ఇప్పుడు కంటికీ కనబడుతుంది. అందుకే రంగు కడ్డీ ముట్టుకునే ముందు గిన్నెను నున్నగా చేసి, రంధ్రాల్లో చేరిన పొడి పోయేదాకా తుడుస్తారు.

ఏటికొప్పాక వాళ్ళు అంకుడు కర్రనే పట్టుకోవడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. అంకుడు పోగు సన్నం, అంతటా ఒకే తీరు, గట్టి వలయం మెత్తటి వలయం అన్న తేడా ఉలికి తగలదు. పైగా కర్ర దంతపు తెలుపు. పలచని పసుపు రంగు వేసినా కింది కర్ర దాన్ని మసకబార్చదు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి ఇంకా తేలిక, ఇంకా మెత్తన. కత్తితో చెక్కి, అతికించి, కుంచెతో రంగు వేసే పనికి అది సరిపోతుంది. లేతు మీద వేగంగా తిరుగుతూ లక్క కడ్డీ ఒత్తిడిని తట్టుకోవడానికి ఇంకాస్త గట్టి కర్ర కావాలి.

బాక్స్: లక్క ఎక్కడిది?

లక్క చెట్టు బంక కాదు, చెట్టు మీద బతికే పురుగు స్రవించే పదార్థం. అర మిల్లీమీటరు పిల్ల పురుగులు మోదుగ, రేగు, కుసుం లాంటి చెట్ల లేత కొమ్మల మీద బారులుగా కుదురుకుని, ముట్టె గుచ్చి రసం పీలుస్తాయి. ఒంటి చుట్టూ జిగురు స్రవించి దాన్నే గూడు చేసుకుంటాయి. ఆడ పురుగు జీవితమంతా అక్కడే. పక్కపక్క గూళ్ళు కలిసిపోయి కొమ్మ చుట్టూ గట్టి తొడుగులా తయారవుతాయి. దాన్ని గీకి, నలగ్గొట్టి, కడిగి, కరిగించి వడకడితే వచ్చేది లక్క.

మన దేశంలో లక్క ఎక్కువగా పండేది జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల పరిసరాల్లో. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లోనే లక్క పరిశోధన సంస్థ పెట్టారు. ఆ రోజుల్లో గ్రామఫోన్ రికార్డులు లక్కతోనే అచ్చువేసేవారు. ఇప్పటికీ కొన్ని మందు బిళ్ళల మీద, పళ్ళ మీద మెరుపు పూత లక్కదే.

రాపిడిలో పుట్టే వేడి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. లక్క సుమారు 65, 70 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. 75, 80 దాటితే చిక్కగా పారుతుంది. చల్లారగానే మళ్ళీ గట్టిపడుతుంది. నీళ్ళు మరిగే వేడి కన్నా ఇది తక్కువే. అరచేతులు గట్టిగా రుద్దుకుంటే వేడెక్కినట్టే, తిరిగే కర్రకు కడ్డీ ఆనిస్తే రాపిడికి ఆ మేరకు వేడి క్షణాల్లో పుడుతుంది.

కానీ వేడి పుట్టడం ఒక ఎత్తు, అది అక్కడే నిలవడం ఇంకో ఎత్తు. ఇక్కడ కర్ర చేసే మేలు గొప్పది. కర్ర వేడిని లోపలికి చాలా నిదానంగా పోనిస్తుంది. అల్యూమినియం అంతకు వెయ్యి రెట్లకు పైగా త్వరగా లాగేస్తుంది. అదే లేతు మీద అదే వేగంతో అల్యూమినియం గిన్నెను తిప్పి కడ్డీ ఆనిస్తే, పుట్టిన వేడి పుట్టినట్టే లోహంలోకి పోతుంది. కడ్డీ గీసుకుంటుంది తప్ప పరుచుకోదు. కర్ర మీదైతే వేడి పైపొరలోనే చిక్కుకుంటుంది. కడ్డీ మొన ఒక్కటే కరుగుతుంది, కర్రలో పైపై పొర ఒక్కటే వేడెక్కుతుంది. కరిగిన లక్క ఆ వెచ్చటి రంధ్రాల్లోకి దిగి, చల్లారి, లోపలే వేళ్ళు తన్నుకుంటుంది. గోటికి పెచ్చు లేవకపోవడానికి కారణం ఇదే. చల్లని కర్ర మీద కరిగిన లక్కను పోసి ఉంటే రంధ్రాల్లోకి దిగేలోపే గడ్డకట్టి, పైన పెచ్చులా నిలిచేది.

వేడి ఎంత పుడుతుందన్నది నొక్కుడు మీదా, కడ్డీ కింద కర్ర జరిగే వేగం మీదా ఆధారపడుతుంది. 20 సెంటీమీటర్ల గిన్నె నిమిషానికి 600 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంచు దగ్గర చుట్టుకొలత సుమారు 63 సెంటీమీటర్లు, సెకనుకు పది చుట్లు. అంటే అంచు సెకనుకు ఆరు మీటర్లకు పైగా పరుగెడుతోంది. అడుగున నడిమికి ఒక సెంటీమీటరు దూరంలో ఉన్న చోటు అదే సెకనులో 63 సెంటీమీటర్లే కదులుతుంది, పదో వంతు. సరిగ్గా నడిబిందువు దగ్గర కదలికే లేదు. అంచు మీద కడ్డీ తాకీ తాకకముందే లక్క కరుగుతుంది. నడిమికి వచ్చేసరికి అదే నొక్కుడుకు పదో వంతు వేడి కూడా పుట్టదు. లక్క పరుచుకోకుండా ముద్దలుగా అంటుతుంది.

పనివాడి చేతిని దగ్గరగా గమనిస్తే ఈ లెక్క అంతా ఆ చేతిలోనే కనబడుతుంది. అంచు దగ్గర కడ్డీని వేళ్ళ కొసలతో, బరువు పెట్టకుండా పట్టుకుంటాడు. రంగు ఒక మెరుపు చారగా మొదలై కడ్డీ జరిగిన కొద్దీ వెడల్పవుతుంది. నడిమి వైపు వస్తుంటే పట్టు బిగుస్తుంది, మోచేయి ఒంటికి ఆనుతుంది, కడ్డీ వెనుక భుజం బరువు పడుతుంది. అంచు దగ్గర అంత బరువు పడితే లక్క మరీ వేడెక్కి, పలచనై, చుట్టూ చిమ్ముతుంది. ఉష్ణమాపకం లేదు. కడ్డీ చేతికి జారుతున్నట్టుందా, పట్టేస్తున్నట్టుందా, రంగు తడిగా మెరుస్తోందా, పొడిగా గీసుకుంటోందా అన్నవే కొలతలు. పది పదిహేను డిగ్రీల ఇరుకు సందులో వేడిని నిలపడం ఆ చేతికి వచ్చిన విద్య.

లక్కకు మరో గుణం ఉంది, కడ్డీలు తయారుచేసేవాళ్ళకు అది బాగా తెలుసు. మరీ ఎక్కువ వేడి మీద చాలాసేపు ఉంచితే అందులోని అణువులు ఒకదానికొకటి గట్టిగా ముడిపడిపోతాయి. ఆపైన ఎంత కాచినా కరగదు, రబ్బరు ముద్దలా తయారై పనికి రాకుండా పోతుంది. అందుకే సన్నని నిప్పుల సెగ మీద మెత్తబరిచి, రంగు పొడి కలిపి, లాగి మడిచి మళ్ళీ లాగుతూ రంగు అంతటా సమంగా పట్టేదాకా పిసికి కడ్డీలు చుడతారు.

మొగలి ఆకు ఎందుకు?

కడ్డీ వదిలిన లక్క మీద సన్నని గాట్లు, ఎత్తుపల్లాలు ఉంటాయి. ఎత్తుపల్లాలున్న చోట వెలుగు నలుదిక్కులకూ చెదిరిపోయి రంగు మొద్దుగా కనిపిస్తుంది. నిగనిగ రావాలంటే ఆ ఎత్తుపల్లాలు వెలుగు తరంగం పొడవు కన్నా చిన్నవి కావాలి, అంటే మిల్లీమీటరులో రెండువేలవ వంతు కన్నా తక్కువ. గరుకు కాగితంతో అది సాధ్యం కాదు, గీసిన ప్రతిసారీ కొత్త గాట్లు పడతాయి.

ముళ్ళు తీసిన మొగలి ఆకును మడిచి, తిరుగుతున్న గిన్నెకు అదిమి పడతారు. రాపిడికి లక్క పైపొర మళ్ళీ మెత్తబడుతుంది. మెత్తబడిన లక్క తన తలతన్యతతో తానే సమంగా సర్దుకుంటుంది, ఆకు దాన్ని ఇంకాస్త చదును చేస్తుంది. ఆకు మీద సహజంగా ఉండే మైనపు పొర వల్ల లక్క ఆకుకు అంటుకోదు. ఆకులోని నార బలం వల్ల ఆ వేడికి, లాగుడుకు చిరగదు. జారుడుతనం, గట్టితనం రెండూ ఒకేచోట ఉన్న వస్తువు కోసం ఎవరైనా ప్రయోగశాలలో వెతికితే చాలా కాలం పట్టేది. తీరప్రాంతపు గట్ల మీద మొగలి పొదల్లో అది పెరుగుతోంది.

గీతలు, పట్టీలు

తిరిగే వస్తువు మీద కదలని మొన పెడితే వలయం పడుతుంది. మొనను మెల్లగా జరిపితే మెలిక పడుతుంది. లేతు మీద పుట్టే అలంకారానికంతటికీ ఈ రెండే మూలం. ఎర్ర పట్టీ మీద నల్ల కడ్డీ అంచును ఒక్క క్షణం తాకిస్తే సన్నని నల్ల గీత. ఎర్రపొర మీద నల్లపొర వేసి, ఉలి మొనతో పైపొరను మాత్రం గీకేస్తే లోపలి ఎరుపు గీతగా బయటపడుతుంది. ఇక్కడ పొర ఎంత మందమో తెలిసిన చెయ్యి కావాలి, వెంట్రుకంత లోతెక్కువైతే తెల్లని కర్ర తేలుతుంది.

గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో, నిరోణా ఊళ్ళో, వాఢా సముదాయంవాళ్ళు ఇదే లక్కతో పూర్తిగా వేరే అందం సాధించారు. వాళ్ళు కర్రను చేతి తాడుతో ముందుకీ వెనక్కీ నిదానంగా తిప్పుతారు. రకరకాల రంగుల లక్కను ఎక్కించి, అది మెత్తగా ఉన్నంతలో అటూ ఇటూ జరుపుతారు. రంగులు కలిసిపోకుండా ఒకదానిలోకి ఒకటి అలలుగా చొరబడతాయి. మోటారు లేతు మీద అది కష్టం, వేగానికి అలలన్నీ వలయాలుగా సాగిపోతాయి. యంత్రం వచ్చినంత మాత్రాన పాత పద్ధతి దండగ అనుకోకూడదనడానికి నాకు ఇంతకన్నా మంచి రుజువు దొరకలేదు.

రంగు పొడిలో ఏముంది?

లక్కకు స్వతహాగా ఉన్నది తేనె రంగే. మిగతావన్నీ కలిపినవి. పసుపు కొమ్ము నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ, కరక్కాయ ఇనుముతో కలిస్తే నలుపు. పసుపూ నీలీ కలిపితే ఆకుపచ్చ. మధ్యలో చౌకగా దొరికే రసాయన రంగులు వచ్చిపడ్డాక ఇవి మరుగునపడ్డాయి. ఈ ప్రకృతి రంగులను తిరిగి వాడుకలోకి తేవడానికి దశాబ్దాలు పనిచేసిన ఏటికొప్పాక వాసి సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఇది ఉత్త పాత మీది మమకారం కాదు. ముదురు పసుపు, ఎరుపు రసాయన రంగుల్లో కొన్నింటిలో సీసం ఉంటుంది. పసిపిల్లలు బొమ్మను చేత్తో ఆడేది కొంచెం, నోట్లో పెట్టుకునేది ఎక్కువ. సీసం పిల్లల మెదడుకు ఎంత తక్కువైతే హాని లేదో చెప్పగలిగిన హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పిల్లలకిచ్చే వస్తువు మీద ఆ రంగులు వాడకూడదన్న విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

ప్రకృతి రంగులకూ వాటి బలహీనత ఉంది. పసుపులోని రంగు పదార్థం ఎండకు త్వరగా విరిగిపోతుంది, నీలిమందు నిలుస్తుంది. కిటికీ దగ్గర ఏళ్ళ తరబడి పెట్టిన ఆకుపచ్చ గిన్నె నెమ్మదిగా నీలంవైపు తిరుగుతుంటే అందులోని పసుపు తరిగిపోతోందని అర్థం.

ఇంట్లో పెట్టుకున్నాక

లక్క గుణాలు తెలిస్తే గిన్నెను ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. 70 డిగ్రీలకే మెత్తబడుతుంది కనుక వేడి చారు పోయకూడదు, వేడి గ్లాసు పెట్టకూడదు. నీళ్ళు చాలాసేపు నిలిస్తే లక్క పొర తేమ పీల్చుకుని తెల్లటి మచ్చ పడుతుంది. చాకలి సోడా, అమోనియా ఉన్న క్లీనర్లు లక్కను కరిగిస్తాయి. అన్నింటికన్నా ప్రమాదం స్పిరిట్. చేతులకు శానిటైజర్ రాసుకుని, ఆరకముందే గిన్నె పట్టుకుంటే వేలిముద్ర అచ్చుపడుతుంది.

ఇదే అసలు లక్కను గుర్తుపట్టే దారి కూడా. దూదికి చుక్క స్పిరిట్ అద్ది అడుగున, కనబడని చోట తాకించండి. అసలు లక్కయితే జిగట అవుతుంది, దూదికి రంగు అంటుతుంది. మామూలు ఎనామిల్ పూతకు ఏమీ కాదు. అలాగని ఎనామిల్ గట్టిది కదా, అదే మేలు అనుకోవద్దు. గీత పడిన ఎనామిల్‌ను గీకి పారేసి కొత్తగా వేయాల్సిందే. గీత పడిన లక్క గిన్నెనైతే మళ్ళీ లేతుకు ఎక్కించి, అదే రంగు కడ్డీ తాకించి, మొగలి ఆకు పడితే గీత కరిగి కలిసిపోతుంది.

ఇక అంకుడు

అంకుడు కర్ర దొరకడం కష్టమవుతోందన్నది ఏటికొప్పాక పనివాళ్ళు చాలాకాలంగా చెబుతున్న మాట. చూడబోతే ఈ పనికి మహావృక్షాలు అక్కర్లేదు. చేతి మందం, కాలి పిక్క మందం కొమ్మలు చాలు. అంకుడు చెట్టును మొదలుకంటా కొట్టినా ఆ మోడు నుంచే కొత్త కొమ్మలు వేస్తుంది. మెట్ట నేలల్లో, రాతి గుట్టల మీద కూడా బతుకుతుంది. దాని ఆకుల నుంచి కూడా నీలి రంగు తీయవచ్చు. పొలం గట్ల మీద, చెరువు గట్ల మీద వరసగా నాటి, కొమ్మలు తయారైనప్పుడు వంతులవారీగా కోసుకుంటే అడవి మీద భారం పడకుండా కర్ర అందుతూనే ఉంటుంది.